బొగ్గు దుమ్ములో సోలార్ ప్లేట్లు: కడిగే పని ప్రాణం మీదికి రాకూడదు

(రైతు సంఘం శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మద్దతు ధర గురించి, భూసేకరణ పరిహారం గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి నడుమ సోలార్ ప్లేట్లు కడగడం మీద ఒక గంట ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. తడి గుడ్డతో తుడిస్తే అయిపోయే పనికి ప్రసంగం దేనికి అనీ అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, మన రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ప్లేట్ల మీద పడేది మామూలు మట్టి దుమ్ము కాదు, బొగ్గు పొడి, బూడిద కలిసిన దుమ్ము. అందుకే మిగతా చోట్ల కంటే మనం ఎక్కువసార్లు కడగాల్సి వస్తుంది. రెండు, సోలార్ ప్లేటు కరెంటు తయారుచేసే యంత్రం. దాన్ని తడి చేతులతో, తెలియక ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఎక్కువసార్లు చేయాల్సిన పని ప్రమాదకరమైన పని కూడా అయినప్పుడు, దాన్ని ఎట్లా చేయాలో అందరం ఒక్కసారి కూర్చుని నేర్చుకోవాలి. ఆ భారం ఎవరు మోయాలో కూడా అడగాలి. ఈ రోజు ఈ రెండూ మాట్లాడుకుందాం.

ఎవరి బాయి దగ్గర ఈ ప్లేట్లు

2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కాబట్టి లైను ఉన్న బాయి దగ్గర సోలార్ మోటరు పెట్టుకోవాల్సిన అవసరం చాలామందికి రాలేదు. సోలార్ మీద ఆధారపడేది లైను రాని వాళ్లే. అడవి అంచున పోడు చేసుకుంటూ అటవీ హక్కుల పట్టా పొందినవాళ్లు, ఊరికి దూరంగా చెల్కల్లో తోట పెట్టినవాళ్లు, బోరు వేసి ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, పశువుల కొట్టం దగ్గర రెండు బల్బులు వెలిగితే చాలనుకునేవాళ్లు. వీళ్లకు వేరే దిక్కు లేదు. ప్లేటు పనిచేయకపోతే ఆ రోజు నీళ్లు లేవు, రాత్రికి వెలుతురు లేదు.

ఇటువంటి రైతుల సంఖ్య పెరగబోతోంది. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన పీఎం కుసుమ్ పథకంలో లైను లేని చోట 7.5 హెచ్‌పీ వరకు సోలార్ పంపుసెట్లకు రాయితీ ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని ప్రారంభించింది. రూ.12,600 కోట్లతో 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాల పట్టా భూములకు, పూర్తి రాయితీతో సోలార్ పంపుసెట్లు ఇస్తామని ప్రకటించింది. మంచిదే, మనం కోరుకునేదే. అయితే పంపుసెట్టు బిగించిపోయాక 20 ఏళ్లకు పైగా ఆ ప్లేట్లను చూసుకోవాల్సింది రైతే. బిగించేటప్పుడు ఫొటో తీసుకుంటారు గానీ, ఎట్లా కడగాలో చెప్పి చేయించి చూపించేవాళ్లు తక్కువ.

మన దుమ్ము వేరు

ప్లేటు మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గుతుందో చాలామందికి తెలియదు. గుజరాత్‌లోని గాంధీనగర్ ఐఐటీ వాళ్లు, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసిన పరిశోధన 2017లో వెలువడింది. అక్కడ ప్లేట్లను మూడు, నాలుగు వారాలకు ఒకసారి కడిగేవారు. కడిగిన ప్రతిసారీ కరెంటు ఉత్పత్తి దాదాపు 50 శాతం పెరగడం వాళ్లు గమనించారు. ఆ దుమ్మును తూచి పరీక్షిస్తే బరువులో 92 శాతం మామూలు మట్టి దుమ్మే. మిగిలిన కొద్దిపాటిది పొగ, మసి వంటి మనుషులు చేసిన కాలుష్యం. కానీ ఆ కొద్దిపాటిదే, బరువుకు బరువు చూస్తే, మట్టి కంటే చాలా ఎక్కువగా వెలుతురును ఆపుతోందని తేలింది. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా అంటుకుంటుంది, ఎంత నల్లగా ఉంటే అంత ఎండను మింగుతుంది.

ఇప్పుడు మన ప్రాంతం చూడండి. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. బ్లాస్టింగ్, మట్టి గుట్టలు, డంపర్లు తిరిగే దారులు, బొగ్గు లారీలు, ఇవన్నీ మన పొలాల పక్కనే. ఎన్టీపీసీ రామగుండంలో 2,600 మెగావాట్ల పాత ప్లాంటు ఉంది, తెలంగాణ ప్రాజెక్టు మొదటి దశ 1,600 మెగావాట్లు దానికి తోడైంది. బొగ్గు కాలిన చోట బూడిద తప్పదు. బూడిద చెరువు ఎండిపోయి వేసవి గాలి లేచిందంటే ఏమవుతుందో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. పత్తి ఆకు మీద, మిరప ఆకు మీద పడినట్టే ప్లేటు మీదా పడుతుంది.

చలికాలంలో ఇంకో ఇబ్బంది. రాత్రి మంచు పడి ఆ దుమ్ము తడిసి, పొద్దున ఎండకు పొరలా గట్టిపడుతుంది. చిన్న వాన పడితే దుమ్ము మొత్తం పోదు, కిందికి జారి ప్లేటు కింది అంచున ఫ్రేము దగ్గర మురికి గీతలా నిలుస్తుంది. పైనంతా శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి మనం పట్టించుకోం. కానీ ప్లేటులోని గళ్లు ఒకదానికొకటి వరుసగా కలిపి ఉంటాయి. కాలువలో ఒకచోట గట్టు జారితే కింద మడికంతా నీళ్లు తగ్గినట్టు, కింది వరుస గళ్లు కప్పుకుపోతే ప్లేటు మొత్తం కరెంటు తగ్గుతుంది. పక్షి రెట్ట ఒక్క గడిని కప్పినా ఆ గడి వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే కింది అంచు, రెట్టలు, ఈ రెండూ ముందు చూడాలి.

ప్లేటుకు స్విచ్ లేదు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. లైను కరెంటుతో పనిచేసే మోటరు అయితే ఫీజులు పీకేస్తాం, కరెంటు ఆగిపోతుంది. సోలార్ ప్లేటుకు అట్లా ఆపే ఉపాయం లేదు. వెలుతురు ఉన్నంతసేపు అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. కంట్రోలర్ డబ్బా ఆపితే మోటరు ఆగుతుంది అంతే. ప్లేట్ల నుంచి డబ్బా దాకా వచ్చే వైర్లలో కరెంటు అట్లాగే ఉంటుంది.

ఎంత కరెంటు? 5 హెచ్‌పీ పంపుకు సుమారు 4,800 వాట్ల ప్లేట్లు పెడతారు. ఒక పెద్ద ప్లేటు దాదాపు 45 వోల్టులు ఇస్తుంది. ఒక్క ప్లేటుతో భయం తక్కువే. కానీ అటువంటివి 15 ప్లేట్లు వరుసగా కలిపితే 600 వోల్టులు దాటుతుంది. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులే. పైగా ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంది, కాబట్టి నిప్పురవ్వ లేచినా ఆరిపోయే అవకాశం ఉంది. ప్లేటు నుంచి వచ్చే డీసీ కరెంటు అట్లా సున్నాకు రాదు. వైరు జాయింటు లాగితే లేచిన మంట ఆరకుండా కొనసాగి చేతిని, వైరును, పక్కనున్న ఎండుగడ్డిని కాల్చేస్తుంది.

ఇంకో అపోహ పోగొట్టుకోవాలి. పొద్దుపొడవక ముందు, మబ్బు పట్టినప్పుడు ప్లేటులో కరెంటు ఉండదని అనుకుంటారు. వెలుతురు తక్కువైతే ఆంపియర్లు తగ్గుతాయి గానీ వోల్టులు తొందరగానే దాదాపు పూర్తిగా వచ్చేస్తాయి. షాక్ కొట్టడానికి అది చాలు. మామూలు టెస్టర్ డీసీకి సరిగ్గా వెలగకపోవచ్చు. టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. సోలార్ వైరులో ఎప్పుడూ కరెంటు ఉన్నట్టే లెక్క.

నీళ్లు పోయకముందు

కడిగే రోజు వరస తప్పకుండా ఇట్లా చేద్దాం.

మొదట కంట్రోలర్ మీద మోటరు ఆపాలి. మోటరు నడుస్తుండగా డీసీ స్విచ్ వేయొద్దు, జాయింట్లు అసలే లాగొద్దు. మోటరు ఆగిన తర్వాత డీసీ స్విచ్ ఆపాలి. డబ్బాలో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది, కాబట్టి పది నిమిషాలు ఆగాలి. డబ్బా మూత తీసే పని మనది కాదు, మెకానిక్‌ది. కడుగుతుండగా ఇంకొకరు వచ్చి స్విచ్ వేయకుండా ఒక చీటీ కట్టండి, లేదా ఒక మనిషిని పెట్టండి.

తర్వాత ప్లేట్లను ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూడాలి. అద్దం పగిలిందా, ఎక్కడైనా గోధుమరంగు కాలిన మచ్చ ఉందా, వెనక నల్ల డబ్బా మూత ఊడిందా, వైరు తొక్క లేచిందా. మన దగ్గర కోతులు ప్లేట్ల మీద దుంకుతాయి, వైర్లు పట్టుకుని ఊగుతాయి. ఎలుకలు వైరు కొరుకుతాయి. బ్లాస్టింగ్ జరిగే చోటుకు దగ్గరగా ఉంటే రాయి ఎగిరి పడిందేమో చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు నీళ్లు పోయొద్దు. పగిలిన ప్లేటులోకి నీళ్లు దిగితే కరెంటు ఫ్రేముకు, ఇనుప స్టాండుకు పాకుతుంది. ఫోన్‌లో ఫొటో తీసి కంపెనీ సర్వీసుకు పంపండి.

ఆ తర్వాత ఎర్తింగ్ చూడాలి. ఫ్రేముకు, స్టాండుకు పాకిన కరెంటు మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోయేది ఎర్తింగ్ వైరు ఉన్నప్పుడే. రాగి తీగ దొంగతనం మన ప్రాంతంలో కొత్త కాదు. తీగ పోయినా మోటరు మామూలుగా నడుస్తుంది కాబట్టి మనకు తెలియదు. ప్రతిసారీ కళ్లతో చూసుకోవాలి. వేసవిలో ఎర్తింగ్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

ప్లేట్ల కింద నీడ ఉంటుంది కాబట్టి పాములు, తేళ్లు చేరతాయి, కందిరీగలు గూళ్లు పెడతాయి. నిచ్చెన మీద ఉన్నప్పుడు కందిరీగ కుడితే మనిషి కింద పడతాడు. ముందే కర్రతో కింద తట్టి చూడండి, గడ్డి కోసి శుభ్రంగా ఉంచండి.

కడిగే పద్ధతి

ఎప్పుడు కడగాలి? తెల్లవారుజామున, లేదా పొద్దుగూకే ముందు ప్లేటు చల్లబడ్డాక. మన రామగుండం ఎండ సంగతి తెలిసిందే. మే నెలలో మధ్యాహ్నం ప్లేటు అద్దం చేయి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద చల్లటి బోరు నీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. కాలిన పెంకు మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే. పొద్దున అయితే రాత్రి మంచుకు దుమ్ము కాస్త నాని ఉంటుంది, పని కూడా సులువు.

ఎట్లా కడగాలి? పొడి గుడ్డతో ఎప్పుడూ రుద్దొద్దు. మన దుమ్ములో బూడిద, ఇసుక రేణువులు ఉంటాయి, అవి గరుకు కాగితంలా అద్దాన్ని గీస్తాయి. ముందు నీళ్లు చల్లి రెండు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి స్పాంజితోనో, నూలు గుడ్డతోనో పై నుంచి కిందికి తుడవాలి. మళ్లీ నీళ్లు పోసి, రబ్బరు వైపర్‌తో కిందికి లాగేయాలి. కింది అంచు మూలలు మర్చిపోవద్దు. పక్షి రెట్ట ఎండిపోయి ఉంటే తడి గుడ్డ దాని మీద కాసేపు వేసి నానబెట్టాలి, గోకొద్దు. గిన్నెలు తోమే ఇనుప పీచు, బట్టల సబ్బు పొడి, యాసిడ్, కిరోసిన్, ఇవేవీ వాడొద్దు. సబ్బు నురగ ఎండితే జిగురుగా నిలిచి మరింత దుమ్మును పట్టుకుంటుంది. లారీల దారి పక్కన జిడ్డు మసి పడితే కొద్దిగా పలుచని సబ్బు నీళ్లు వాడి బాగా కడిగేయవచ్చు.

ఏ నీళ్లు? వాన నీళ్లు పట్టుకుంటే అన్నిటికంటే మంచివి. కాలువ నీళ్లు తేర్చి వాడవచ్చు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఎండితే తెల్లటి చారలు పడతాయి, అవి నెలల తరబడి పేరుకుంటే పోవు. బోరు నీళ్లు తప్ప దిక్కు లేకపోతే అద్దం మీద ఎండనివ్వకుండా వెంటనే వైపర్‌తో లాగేయండి. ప్లేటుకు రెండు లీటర్ల నీళ్లు సరిపోతాయి. 15 ప్లేట్లకు రెండు బకెట్లతో పని అవుతుంది. మందు కొట్టే పంపు పెట్టి కడగాలనుకుంటే అందులో మందు మిగిలి లేకుండా చూసుకోవాలి. బండ్లు కడిగే ప్రెషర్ పంపు మాత్రం వద్దు, ఆ ధారకు నీళ్లు జాయింట్లలోకి దూరతాయి. ప్లేటు వెనక వైపు, వైర్ల మీద, నల్ల డబ్బా మీద నీళ్లు కొట్టకూడదు.

ప్లేటు మీద కాలు పెట్టొద్దు, మోకాలు ఆనించొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు. అద్దం పగలకపోయినా లోపల గళ్లు కంటికి కనిపించకుండా చిట్లుతాయి. ఆ నష్టం ఏడాదికో రెండేళ్లకో బయటపడుతుంది, అప్పుడు మీ తప్పే అని గ్యారంటీ ఇవ్వరు.

ఒంటి మీద ఏముండాలి? కాళ్లకు రబ్బరు చెప్పులో బూట్లో ఉండాలి. చేతికి పొడి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఉంగరం, కడియం, వెండి మొలతాడు, చేతి గడియారం తీసి పక్కన పెట్టాలి. ఒంటరిగా వెళ్లొద్దు, చూసేందుకు ఇంకొకరు ఉండాలి. ఉరుములు వినిపిస్తే పని ఆపి దూరంగా పోవాలి.

రేకుల మీదికి ఎక్కొద్దు

పంపు ప్లేట్లు సాధారణంగా నేల మీద స్టాండు పైన ఉంటాయి, కింద నిలబడి కర్రతో అందుకోవచ్చు. చిక్కంతా కొట్టం మీద, గుడిసె మీద పెట్టిన ప్లేట్లతోనే. సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. పైకి గట్టిగా కనిపిస్తుంది, రెండో అడుగుకు విరుగుతుంది. సోలార్ పనుల్లో కరెంటుతో పాటు భయపడాల్సింది ఇట్లా కింద పడటానికే. రేకుల మీదికి ఎవరూ ఎక్కొద్దు. నిచ్చెన గట్టు నేల మీద నిలిపి, ఒకరు పట్టుకుంటే, దాని మీద నుంచి పొడవు కర్రతో తుడవండి. అందకపోతే ఆ ప్లేటును కిందికి మార్పించండి. ఒక ఇనుప స్టాండు ఖర్చు విరిగిన నడుము ఖర్చు కంటే తక్కువ.

మన ప్రాంతంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ పుట్టే కరెంటు దేశమంతా పోవాలి కాబట్టి పెద్ద లైన్లన్నీ మన పొలాల మీదుగానే పోతాయి. ప్లేట్లకు పైనో పక్కనో 11 కేవీ తీగ ఉంటే ఇనుప పైపు, అల్యూమినియం కర్ర నిలువుగా లేపొద్దు. పొడి వెదురు వాడాలి. వెదురు కూడా తడిస్తే కరెంటు పారుతుంది, కాబట్టి తీగకు దూరమే రక్షణ.

బ్యాటరీ దగ్గర

లైటు, ఫ్యాను, స్ప్రేయర్ ఛార్జింగ్ కోసం బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు ఇది వినండి. బ్యాటరీ 12 వోల్టులే, షాక్ కొట్టదు. కానీ పానా రెండు కొనల మీద పడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి పానా ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ పేలవచ్చు. పానాల పిడికి టేపు చుట్టుకోండి.

నీళ్లు పోసే రకం బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. కాబట్టి బ్యాటరీని తలుపులు మూసిన గదిలో, పడుకునే చోట, గడ్డివాము పక్కన పెట్టొద్దు. దాని దగ్గర బీడీ కాల్చొద్దు, అగ్గిపుల్ల గీసి నీళ్ల మట్టం చూడొద్దు. నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు పోస్తే బ్యాటరీ పాడవుతుంది. ఇంట్లో యాసిడ్ పోసుకోవద్దు. కొనల మీద తెల్ల పచ్చగా పట్టిన తుప్పును గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయాలి. యాసిడ్ ఒంటి మీద, కంట్లో పడితే వెంటనే కనీసం 20 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి, తర్వాత దవాఖానకు పోవాలి. లిథియం బ్యాటరీ అయితే నీళ్లు పోసే పని లేదు. ఉబ్బితే, వేడెక్కితే విప్పొద్దు, వాడటం ఆపి మెకానిక్‌ను పిలవాలి.

షాక్ కొడితే

ఎవరికైనా షాక్ కొడితే పరుగెత్తి పట్టుకోవద్దు, ఇద్దరూ పోతారు. స్విచ్ ఆపినా ప్లేటు వైపు కరెంటు ఉంటుంది. పొడి కట్టెతోనో, ప్లాస్టిక్ పైపుతోనో వైరును పక్కకు నెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషి స్పృహలో లేక, ఊపిరి ఆడకపోతే ఛాతీ నడిమిన రెండు చేతులతో గట్టిగా, రెండు అంగుళాలు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు అదుముతూ ఉండాలి, బండి వచ్చేదాకా ఆపొద్దు. మనిషి లేచి కూర్చున్నా, బాగానే ఉందన్నా దవాఖానకు తీసుకుపోవాలి. గుండె దెబ్బ తర్వాత బయటపడవచ్చు. మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు, పొడి ఇసుక చల్లాలి.

ఎన్ని రోజులకోసారి?

ఈ ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు మనకు పనికిరాదు. గని పక్కన ఉన్న పొలానికి, గోదావరి ఒడ్డున ఉన్న పొలానికి ఒకే లెక్క కుదరదు. ఎవరి లెక్క వాళ్లే తీసుకోవాలి. దానికి ఒక డ్రమ్ము చాలు.

ఆకాశం తేటగా ఉన్న రోజు మధ్యాహ్నం 12 గంటలకు, మోటరు అరగంట నడిచాక, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. మరుసటి తెల్లవారుజామున ప్లేట్లు కడిగి, మళ్లీ అదే టైముకు అట్లాగే నింపి రాసుకోండి. ముందు 150 సెకన్లు, కడిగాక 120 సెకన్లు పట్టిందనుకోండి, మీ నీళ్లలో ఐదో వంతు దుమ్ము తాగుతోందన్నమాట. కంట్రోలర్ మీద వాట్లు కనిపిస్తే అవి రాసుకుంటే ఇంకా మంచిది. పొద్దున మోటరు ఎన్నింటికి అందుకుంది, సాయంత్రం ఎన్నింటికి ఆగింది అనేది కూడా రాయండి. దుమ్ము పట్టిన ప్లేట్లతో మోటరు ఆలస్యంగా అందుకుంటుంది, తొందరగా ఆగుతుంది.

ఇట్లా రెండు మూడుసార్లు చూస్తే మీ పొలానికి ఎన్ని రోజులకోసారి కడిగితే లాభమో తెలిసిపోతుంది. తేడా కొంచెమే ఉంటే ఊరికే కడగొద్దు. అనవసరంగా కడిగిన ప్రతిసారీ అనవసరపు ప్రమాదమే. వానాకాలంలో వానలే చాలావరకు కడుగుతాయి, కింది అంచు చూసుకుంటే సరిపోతుంది. దీపావళి నుంచి వానలు పడేదాకా మనకు అసలు పని.

ఈ భారం ఎవరిది?

ఇప్పుడు రెండో సంగతి. ఈ పనికి నీళ్లు, మనిషి కూలి, సామాను, ఒక పొద్దటి పూట కావాలి. రామగుండం ఎన్టీపీసీ చెరువు మీద దాదాపు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ఉంది, 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. సింగరేణి కూడా రామగుండం-3, మణుగూరు, ఇల్లందు, జైపూర్ వంటి చోట్ల సోలార్ ప్లాంట్లు పెట్టింది. అటువంటి పెద్ద ప్లాంట్లలో నిర్వహణ ఖర్చు లెక్కలో రాసుకుంటారు, కరెంటు ధరలో కలుస్తుంది. రైతు కూలికి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు. దుమ్ము మనం పుట్టించలేదు, దాన్ని కడిగే ఖర్చు, ప్రమాదం మన నెత్తిన పడుతున్నాయి.

అందుకే సంఘం నాలుగు మాటలు ముందు పెడుతోంది.

ఒకటి, ఐదేళ్ల సర్వీసు. కుసుమ్ నిబంధనల ప్రకారం పంపుసెట్టు ఇచ్చిన కంపెనీ ఐదేళ్లు నిర్వహణ బాధ్యత చూడాలి, జిల్లాలో సర్వీసు కేంద్రం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరు కంట్రోలర్ డబ్బా మీద పెయింటుతో రాయించండి. ఏ పథకం కింద ఇచ్చినా బిగించే రోజే రైతుకు, ఇంట్లోని ఆడవాళ్లకు కడగడం చేయించి చూపించాలని, కర్ర, వైపర్, తొడుగులు పంపుసెట్టుతో పాటే ఇవ్వాలని అడుగుదాం. కౌలు రైతు ఫిర్యాదు కూడా తీసుకోవాలి. పట్టా ఎవరి పేరున ఉన్నా, షాక్ కొట్టేది పనిచేసే మనిషికే.

రెండు, దుమ్మును పుట్టిన చోటే ఆపడం. లారీలకు టార్పాలిన్ కప్పడం, దారుల మీద నీళ్లు చల్లడం దయతో చేసే పనులు కావు, గనులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో ఉండే షరతులు. 2006 నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. అనుమతి పత్రం కాపీ పంచాయతీకి చేరాలి. మన పంచాయతీలో ఆ కాగితం ఉందా అని ప్రతి గ్రామ కమిటీ వెళ్లి అడగాలి.

మూడు, జిల్లా ఖనిజ నిధి. 2015 గనుల చట్ట సవరణతో ఈ నిధి వచ్చింది. పాత లీజులున్న సంస్థలు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం ఈ నిధికి చెల్లించాలి. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఆ డబ్బు. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణంతో పాటు సాగునీరు, ఇంధనం మీద కూడా ఖర్చు పెట్టవచ్చు. గనుల చుట్టూ ఉన్న ఊళ్లలో శిక్షణ పొందిన యువకులకు నెలనెలా ప్లేట్లు కడిగే పని ఇచ్చి, వాళ్ల కూలి ఈ నిధి నుంచి చెల్లించాలని కలెక్టర్‌కు వినతి పత్రం ఇద్దాం. రైతుకు నీళ్లు, నిరుద్యోగికి పని, రెండూ దొరుకుతాయి.

నాలుగు, మన నోటు పుస్తకం. ఇందాక చెప్పిన డ్రమ్ము లెక్కలు రాసిన పుస్తకం పారేయొద్దు. దుమ్ము వల్ల నష్టం జరుగుతోందని నోటితో చెబితే ఆధారం ఏదని అడుగుతారు. ఒక ఊళ్లో ఇరవై మంది రైతులు ఏడాది పాటు తేదీలతో, సెకన్లతో, ఫొటోలతో రాసి పెడితే ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉంటుంది. గ్రామ కమిటీలు నెలాఖరున ఆ లెక్కలు ఒకచోట చేర్చి మండల కమిటీకి పంపాలి.

మళ్లీ ఒక్కసారి చెప్పుకుందాం. ప్లేటులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పగిలిన ప్లేటు మీద నీళ్లు పోయొద్దు. రేకులెక్కొద్దు. ఒంటరిగా పోవద్దు. ఎండలో కడగొద్దు. ఈ ఐదు మాటలు ఇంటికి పోయి ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఎందుకంటే మనం సంఘం పని మీద ఊరు దాటిన రోజున ప్లేట్లు కడిగేది వాళ్లే. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాలకు నోటు పుస్తకాలతో రండి. వినతి పత్రం అక్కడే రాద్దాం.